మీ డాబా మీది వాన ఎవరింట్లోకి పోతోంది?

హైదరాబాదు నగరంలోని కాలనీ సంక్షేమ సంఘాల, అపార్ట్‌మెంట్ ఓనర్ల అసోసియేషన్ల గౌరవ అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు



మా పైవీధి అపార్ట్‌మెంట్ల సంఘం ఈమధ్య సర్వసభ్య సమావేశం పెట్టుకుని మూడు తీర్మానాలు చేసింది. సెల్లార్‌లో చేరే వాన నీటిని మోటారు పెట్టి గేటు బయటి డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి తోడెయ్యాలన్నది ఒకటి. ఇంకుడు గుంతను పూడ్చి ఆ చోట రెండు కార్లకు పార్కింగ్ గీతలు గియ్యాలన్నది రెండోది. రోడ్డు మీద నీళ్లు నిలవకుండా చూడాలంటూ కార్పొరేషన్‌కు ఘాటైన వినతిపత్రం ఇవ్వాలన్నది మూడోది. మూడూ ఏకగ్రీవం. ఆ కాగితం వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా వీధికీ చేరింది. మొదటి రెండు పనులు చేసి మూడో కాగితం ఎలా రాస్తామన్న అనుమానం అక్కడ కూర్చున్నవాళ్లలో ఒక్కరికీ రాలేదంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ సంఘం పేరు నేను రాయడం లేదు, రాయాల్సిన అవసరమూ లేదు. ఈ నగరంలో చాలా కాలనీల మినిట్స్ పుస్తకం తిరగేస్తే ఇలాంటి తీర్మానం ఒకటి దొరుకుతుందని మీకూ తెలుసు. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ.

అధ్యక్షులవారూ, మీ బిల్డింగ్ డాబా మీంచి దిగే వాన పైపు కింద ఎక్కడ కలుస్తోందో ఎప్పుడైనా వంగి చూశారా? చాలా చోట్ల అది నేలదాకా వచ్చి, మూల తిరిగి, బాత్రూం నీళ్లు పోయే ఛాంబర్‌లోకే దూరుతుంది. కట్టేటప్పుడు మేస్త్రీకి అది దగ్గర దారి. బిల్డర్‌కు పైపు ఖర్చు మిగిలింది. మీకు వాకిట్లో తడి లేకుండా పోయింది. మిగిలిన కథ మాది.

ఈ నగరంలో మురుగుకు ఒక దారి, వాన నీటికి ఇంకో దారి. మురుగు లైను జలమండలిది, వరద కాలువలూ నాలాలూ కార్పొరేషన్‌వి. మురుగు పైపు ఎంత లావు ఉండాలో తేల్చేటప్పుడు ఇంజనీర్లు మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందన్న లెక్కతో మొదలుపెడతారు. అయిదుగురున్న ఇంటి నుంచి రోజుకు 540 లీటర్లన్నమాట. ఇప్పుడు వాన లెక్క చూడండి. చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు కురిస్తే ఒక లీటరు నీళ్లు. రెండు వందల గజాల డాబా అంటే 167 చదరపు మీటర్లు. గంటలో రెండు సెంటీమీటర్లు పడిందనుకోండి, మన ఊళ్లో దాన్ని పెద్దవాన అని కూడా అనరు, ఆ ఒక్క డాబా మీంచి దిగేది 3,340 లీటర్లు. ఆరు రోజుల పాటు పంపాల్సినంత నీటిని ఆ ఇల్లు గంటలో అదే పైపులోకి దించింది. అయిదు వందల చదరపు మీటర్ల డాబా ఉన్న అపార్ట్‌మెంట్ మీద గంటకు అయిదు సెంటీమీటర్లు పడితే 25,000 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు అయిదు. ఏప్రిల్‌లో ఒక్క ట్యాంకర్ కోసం ఎన్నిసార్లు ఫోన్ చేస్తారో కార్యదర్శిగారికి నేను చెప్పాలా? ఆ ట్యాంకర్ల బిల్లులు కట్టేది కోశాధికారిగారు. అదే కోశాధికారిగారు జూలైలో అయిదు ట్యాంకర్ల మంచినీళ్లను మురుగులో కలిపే మోటారు కొనడానికి చెక్కు మీద సంతకం పెడతారు!

ఆ నీళ్లన్నీ పల్లానికి వస్తాయి. పల్లంలో మేమున్నాం. మురుగు లైను గొంతుదాకా నిండి, మ్యాన్‌హోల్ మూతలు లేచి, వాన మొదలైన అరగంటకల్లా మా గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో బాత్రూం జాలీలోంచి నీళ్లు పైకి తంతాయి. టీవీవాళ్లు దాన్ని వరద నీరు అంటారు. అందులో మీ డాబా నీళ్లున్నాయి, మీ సెల్లార్ నీళ్లున్నాయి, మీరు పొద్దున నొక్కిన ఫ్లష్ నీళ్లూ ఉన్నాయి. బియ్యం డబ్బాలు మంచాల మీదికి ఎక్కించేది, ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టేది, నీళ్లు తీశాక మూడు రోజులు బ్లీచింగ్ చల్లుకునేది మేము. మీ వినతిపత్రంలో ‘ప్రజలకు తీవ్ర అసౌకర్యం’ అని రాశారు. ఆ ప్రజలు ఎవరో అడిగి తెలుసుకున్నారా?

వాన లేని రోజుల సంగతీ మాట్లాడాలి. ఎందుకంటే వానాకాలంలో పొంగే లైను ఎండాకాలంలోనే సగం మూసుకుపోయి ఉంటుంది. దాన్ని మూసేది మన వంటిళ్లు. మాంసం కూర వండిన గిన్నె, బూరెలు వేయించిన మూకుడు, బిర్యానీ హండీ సింకులో పెట్టి వేడినీళ్లు పోస్తే జిడ్డు కరిగిపోయిందనుకుంటాం. అది సింకు దాటిందంతే. పైపులో పది అడుగులు వెళ్లి చల్లబడగానే గోడకు అంటుకుంటుంది. దానికి సబ్బు, బోరు నీటిలోని సున్నపు గుణం తోడై కొన్ని నెలల్లో గట్టి పొరలా పేరుకుంటుంది. టీపొడి పిప్పి, దోసెల పిండి కడుగు, కొబ్బరి పీచు, అన్నం మెతుకులు వచ్చి ఆ పొరకు అతుక్కుంటాయి. నాలుగంగుళాల పైపు రెండంగుళాలవుతుంది. బాత్రూం వైపు నుంచి వెంట్రుకలు, షాంపూ ప్యాకెట్లు, వాడిపారేసిన ప్యాడ్లు, తడి తుడుపు గుడ్డలు. ప్యాడ్‌లోని పొడి నీళ్లు తాగి ఉబ్బడానికే తయారైంది. పైపులోనూ అది ఆ పనే చేస్తుంది. ఎవరో ఒకరి ఫ్లాట్‌లో టైల్స్ మారుస్తుంటారు. మేస్త్రీ సాయంత్రం సిమెంటు బక్కెట్టు, గ్రానైట్ కోసిన బురద, అన్నీ బాల్కనీ నాని ట్రాప్‌లో కడుగుతాడు. అదీ పైపులోనే గడ్డకడుతుంది, ఆపైన ఏ మందూ కరిగించలేదు. మరమ్మతులకు అనుమతి ఇచ్చే అధికారం మీ సంఘానిదే కదా? లిఫ్టులో ఇసుక బస్తాలు ఎక్కించకూడదని బోర్డు పెట్టిన మీరు, సిమెంటు నీళ్లు డ్రైనేజీలో పొయ్యకూడదని ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?

నీళ్లు త్వరగా పోవడం లేదని నాని ట్రాప్ జాలీ పీకేసే అలవాటు ఒకటుంది. ఆ జాలీ ఆపేవన్నీ ఇక ఛాంబర్‌దాకా వెళ్తాయి. మరికొందరు ట్రాప్ కప్పు కూడా తీసేస్తారు. అందులో ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్లే మురుగు వాయువును, బొద్దింకలను ఇంట్లోకి రాకుండా ఆపుతున్నాయని వాళ్లకు తెలియదు. తర్వాత వాసన వస్తోందని సంఘానికి ఫిర్యాదు. జామ్ అయితే కిరాణా కొట్లో దొరికే కాస్టిక్ పొడి గుమ్మరిస్తారు. అది పీవీసీ జాయింట్లను వేడికి వదులు చేసి, కరిగిన జిడ్డును ఇంకాస్త ముందుకు నెట్టి, పక్కవాళ్ల పైపు దగ్గర మళ్లీ గడ్డకట్టనిస్తుంది. (ఆ పొడి పనిచేయలేదని దాని మీదే యాసిడ్ పోసేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు. అది బుస్సున పొంగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది.)

ఇక వాలు. నాలుగంగుళాల పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాల పైపుకు అరవై అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలన్నది పాత ప్లంబర్లకు కంఠతా వచ్చే లెక్క. పార్కింగ్‌లో కొత్త టైల్స్ వేసేటప్పుడు ఛాంబర్ మూతలను టైల్స్ కింద కప్పేసి, అడ్డొచ్చిన పైపును ఎత్తి కలిపిన బిల్డింగులు ఎన్ని లేవు? మీ కాంపౌండ్‌లో ఎన్ని ఛాంబర్లున్నాయో, ఏది ఎక్కడుందో చూపే కాగితం మీ ఆఫీసు బీరువాలో ఉందా? సీసీ కెమెరాల వైరింగ్ నక్షా ఉండే ఉంటుంది.

గ్రౌండ్ ఫ్లోర్ అద్దెల సంగతి వేరే చెప్పాలి. కర్రీ పాయింట్‌కు ఇస్తారు, టిఫిన్ సెంటర్‌కు ఇస్తారు, వంద మంది ఉండే హాస్టల్‌కు ఇస్తారు. నలుగురు కాపురముండడానికి వేసిన పైపులోకి రోజూ వంద మంది తిన్న ప్లేట్ల జిడ్డు దిగుతుంది. అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, హాస్టళ్లు తమ మురుగు బయటి లైనులో కలిసే ముందు సిల్ట్ ఛాంబర్ కట్టుకోవాలని జలమండలి ఏళ్ల తరబడి చెబుతోంది, నోటీసులూ ఇస్తోంది. నోటీసు అందిన రోజు మీలో ఎంతమంది మేస్త్రీని పిలిచారు, ఎంతమంది కార్పొరేటర్‌కు ఫోన్ చేశారు? అద్దె సొసైటీ ఖాతాలో పడుతున్నంత కాలం ఆ జిడ్డు బాధ్యత కూడా సొసైటీదే కాదా?

గేటు బయట మీ చేతిలో ఏమీ లేదంటారు. కారు ఎక్కడానికి వీలుగా వరద కాలువ మీద కాంక్రీటు ర్యాంపు పోయించింది ఎవరు? దాని కింద చెయ్యి పెట్టే సందు కూడా వదలకపోతే పూడిక తీసేవాడు ఎలా తీస్తాడు? వాచ్‌మన్ పొద్దున్నే ఊడ్చిన ఆకులూ చెత్తా కాలువ జాలీలోకే తోస్తున్నాడు. అలా చెయ్యమని మీరు చెప్పి ఉండరు. చెయ్యొద్దనీ చెప్పలేదు. మూడో బిల్డింగ్‌వారి ఇసుక కుప్ప నెలల తరబడి రోడ్డు మీద ఉంటే, తొలకరికి అది ఎక్కడికి కొట్టుకుపోయిందో వెతకక్కర్లేదు. దోమలు వస్తున్నాయని జాలీ మీద షాబాద్ బండ పరిచినవాళ్లనూ నేను చూశాను.

అన్నిటికంటే భయం వేసేది మ్యాన్‌హోల్ మూతల విషయం. వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలవగానే ఎవరో గడ్డపార తెచ్చి డ్రైనేజీ మూత ఎత్తేస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకుంటారు. నీళ్లు సుడి తిరుగుతూ దిగుతాయి, రోడ్డు మీది చెత్తంతా వాటితో పాటు మురుగు లైనులోకి పోతుంది, గుంత ఎక్కడుందో నీళ్ల కింద కనబడదు. మూత తీస్తే కేసు పెడతామని జలమండలి ప్రతి వానాకాలం హెచ్చరిస్తూనే ఉంది. 2023 ఏప్రిల్ 29న సికింద్రాబాద్ కళాసిగూడలో వాన పడుతున్న పొద్దుటి పూట ఒక చిన్నారి తెరిచి ఉన్న నాలా గుంతలో పడి చనిపోయింది. ఆ గుంతను తెరిచి వదిలేసింది ఏ కాలనీ సంఘమూ కాదు. అధికారుల నిర్లక్ష్యమని మీరూ, నేనూ, అందరం అన్నాం, అనాల్సిందే. మరి మీ వాచ్‌మన్ మీ ఎదుటే ఎత్తే మూత సంగతి ఏమిటి? దాని పక్కన ఎర్రగుడ్డ కట్టిన కర్రయినా పాతించారా? నీళ్లు తీశాక మూత తిరిగి వేశారో లేదో చూసి వచ్చింది ఎవరు?

ఇంతకంటే పెద్ద ప్రమాదానికి మీ చెక్కు పుస్తకం దారి తీస్తోంది. లైను జామ్ అయితే జలమండలి 155313 నంబరుకు ఫోన్ చేసి యంత్రం వచ్చేదాకా ఆగే ఓపిక లేక, అడ్డా మీద నిలబడ్డ ఇద్దరిని పిలుస్తారు. బేరమాడతారు. ఒకతను తాడు పట్టుకుంటాడు, ఇంకొకతను లంగోటీతో దిగుతాడు. లోపల ఏముంటుందో మీకు తెలుసా? హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. దిగినవాడికి ప్రమాదం ముంచుకొచ్చిందని తెలిసే లోపే కూలిపోతాడు. పైనున్నవాడు అతన్ని లాగబోయి తనూ దిగుతాడు. అందుకే ఈ చావులు తరచూ జంటగా వినబడతాయి. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగి ఇద్దరు పోయారు. అదే ఏడాది కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంక్ దగ్గర ఇద్దరు పోయారు.

2013 నాటి చట్టం మురుగు లైనులోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడాన్ని నిషేధించింది. ఇది ప్రభుత్వ శాఖలకే వర్తిస్తుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. ‘ఏ వ్యక్తీ’ అన్నది కూడా చట్టంలో ఉంది. ఆ వ్యక్తి మీరే. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే అయిదేళ్లు, అయిదు లక్షలు. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలు చేసింది. కోలార్ బంగారు గనుల పాకీ పనివారి కుటుంబంలో పుట్టిన తెలుగువాడు బెజవాడ విల్సన్ ఈ పని ఆగాలని జీవితమంతా తిరిగాడు, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. ఆ వార్తను మీ గ్రూపుల్లో గర్వంగా పంచుకునే ఉంటారు. అడ్డా మీద బేరమాడేటప్పుడు అది గుర్తొచ్చిందా?

ఇక అధికారుల వాటా. నేను వాళ్లను వెనకేసుకు రావడం లేదు. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు పడి నగరం మునిగాక కిర్లోస్కర్ సంస్థ నివేదిక వచ్చింది, నాలాలు వెడల్పు చెయ్యాలంది. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడేనాటికి ఆ నాలాలు ఎలా ఉన్నాయో పాతబస్తీని అడగండి. అంతంత వాన పడితే మీ డాబా పైపులు సరిచేసినా నగరం మునుగుతుంది, కాదనను. అయితే మా బాత్రూంలోకి మురుగు రావడానికి అంత వాన అక్కర్లేదు. అది రెండు సెంటీమీటర్లకే వస్తోంది. ఆ రెండు సెంటీమీటర్లు మీవి.

వరద కాలువే లేని కాలనీలు బోలెడున్నాయి, వాన నీళ్లు మురుగులో కాక ఎక్కడ కలపమంటావని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నుంచీ ఇంకుడు గుంత తప్పనిసరి అంటున్నది అందుకే. మన నేల కింద రాయి, గుంతలో నీళ్లు దిగవని మరో మాట వినబడుతుంది. గుంత తవ్వి, కంకర పోసి, ఇరవై ఏళ్లు దాని మొహం చూడకపోతే పైపొర బురదతో మూసుకుని నీళ్లు దిగవు. ఎండాకాలంలో ఆ పై ఇసుకా కంకరా తీసి కడిగి వేసినవాళ్లు ఆ మాట అనగా నేను వినలేదు. ఎండిపోయిన బోరు పక్కన గుంత తీయించుకున్న బిల్డింగులూ ఈ నగరంలోనే ఉన్నాయి. గుంత నిండాక పొర్లే నీళ్లు రోడ్డు మీదికి వదిలినా ఫరవాలేదు. వాన నీళ్లు వీధిలో పారితే చెప్పులు తడుస్తాయి, మురుగులో కలిస్తే మా ఇంట్లో వంట ఆగిపోతుంది. వరద కాలువ కావాలని వినతిపత్రం రాసే రోజున పైవీధీ కిందివీధీ కలిసే రాద్దాం, నేనూ సంతకం చేస్తాను.

సెల్లార్ ఉన్నవాళ్లు ర్యాంపు మొదట్లో ఒక గట్టు కట్టించుకుంటే రోడ్డు నీళ్లు లోపలికి దిగవు. అప్పటికీ చేరిన నీళ్లను ఇంకుడు గుంతకో, వరద కాలువకో తోడండి, మురుగు ఛాంబర్‌కు మాత్రం వద్దు. మా వీధివాళ్లం మా వంతుగా వెనక్కి తన్నే నీళ్లను ఆపే వాల్వులు పెట్టించుకుంటున్నాం. ఆ వాల్వు మూసుకున్నంతసేపు మా నీళ్లూ బయటికి పోవు, వాన తగ్గేదాకా స్నానాలు మానుకుని కూర్చోవాలి. మీ పైపు కోసం మేము పడుతున్న తిప్పలివి.

కోశాధికారిగారూ, మెయింటెనెన్స్ ఖాతాలో గేటుకు రంగులు, మెట్లకు లైట్లు, వినాయక చవితి మండపం, అన్నిటికీ పద్దులుంటాయి. ఛాంబర్ల శుభ్రత అన్న పద్దు ఉందా? ఏటా వేసవిలో ఒకసారి జెట్టింగ్ యంత్రంతో లైను కడిగించి, సిల్ట్ ఛాంబర్ పూడిక తీయించడానికి ఫ్లాట్‌కు పడేది నెల కేబుల్ బిల్లుకు అటూ ఇటూ. అది అడగడానికి మొహమాటపడే సంఘం, తడిసిన లిఫ్టు మోటారు మార్చడానికి వేలకు వేలు ఎలా వసూలు చేస్తోంది?

పైవీధి సంఘం పెద్దలకు చివరిగా ఒక మాట. మోటారు ఇంకా బిగించలేదని, ఇంకుడు గుంత ఇంకా పూడ్చలేదని విన్నాను. మృగశిర కార్తెకు ముందు ఒక ఆదివారం మళ్లీ సమావేశం పెట్టండి. మొదటి రెండు తీర్మానాలు రద్దు చేసి, ఆ మినిట్స్ కాగితం కూడా వాట్సాప్‌లో పంపండి. ఆ రోజు మా వీధివాళ్లను నలుగురిని పిలవండి. ఒక బక్కెట్టు నీళ్లలో హోళీ రంగు కలిపి మీ డాబా పైపులో పోద్దాం. మీ కాంపౌండ్‌లోని మురుగు ఛాంబర్ మూత తీసి, రంగు అందులోకి వచ్చిందో లేదో మీరే చూడండి. రంగు మేము తెస్తాం.

ఇట్లు,
మీ కిందివీధి నివాసి